ముల్లు చూచి పట్టు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాయబోతూ లోకానికి రెండు మాటలిచ్చాడు. ఆధారం లేనిది రాయనన్నాడు, అక్కర్లేనిది చెప్పనన్నాడు. మెదకుసీమ కొలచెలమవారి బిడ్డ, మాట మీద నిలబడ్డాడు. నేను మొదటి మాటకు కట్టుబడతాను. రెండోది నా వల్ల కాదు. గట్టు మీద గాలం వేసుకుని కూర్చున్న మనిషిని అక్కర్లేని మాట మాట్లాడొద్దంటే వాడింకేం మాట్లాడతాడు?

వ్యాఖ్యకు మూలం కావాలి గదా. నెల్లూరి నుంచి మైపాడు పోయే దారిలో, సముద్రం కనపడకముందే ఉప్పుగాలి తగిలే చోట, బకింగ్‌హాం కాలవ అడ్డం వస్తుంది. ఆ కాలవ కట్ట మీద పాడుబడ్డ గోడ ఒకటుంది. దాని మీద బొగ్గుతో రాసి ఉన్న పద్యమిది. కవి పేరు లేదు. అక్షరాలు అచ్చం నా దస్తూరీలాగే ఉన్నాయని మా ఇంట్లో ఒక పూర్వపక్షం ఉంది. దాన్ని ఖండించడం గ్రంథవిస్తరభీతి చేత మానుకుంటున్నాను.

మూలం

కొత్త నీరు వచ్చెఁ గూర్చుండు గట్టుపై
ఎర్ర నెరగ గుచ్చి యెదురు చూడు
మీసమున్న దెల్ల మిత్రుండు గాడురా
ముల్లు చూచి పట్టు మురిపె మేల

ఆటవెలది. గణాలు సరిపోయాయి, యతులు కుదిరాయి. కవి ఈ ఛందస్సునే ఎంచుకోవడంలో ఔచిత్యం ఉంది. ఇందులో ప్రాస నియమం లేదు కనుక గాలం పట్టిన చేతికి వీలు. కందమైతే ప్రాసాక్షరం వెతుక్కునేలోపల ఎర కొరుక్కుపోతుంది.

చేపల మీద పద్యమా అని ముక్కు విరిచేవారికి ముందుగా రెండు ప్రమాణాలు. పాణిని అంతటివాడు పక్షుల్నీ చేపల్నీ మృగాల్నీ పట్టేవాడి కోసం ఒక సూత్రం కేటాయించాడు. మాత్స్యికుడు, మైనికుడు అన్న మాటలు ఆ సూత్రం పెట్టిన భిక్షే. కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో సంస్కృతంలో మానసోల్లాసం చెప్పించి, అందులో మత్స్యవినోదమని ఒక భాగం గాలపు వేటకే రాసిచ్చాడు. ఏ చేపకు ఏ ఎర, దారం దేనితో పేనాలి, ఎర అలవాటు చేయడమెలా అన్నదంతా అందులో ఉంది. సుందర్‌లాల్ హోరా అనే చేపల పండితుడు 1951లో దాన్ని వెలికి తీసి వివరించాడు. ఇక మా ఊరి మహాకవి సంగతి. తిక్కన సోమయాజి భారతాన్ని అందుకున్నది విరాటపర్వం దగ్గర. విరాటుడు ఏ దేశానికి రాజు? మత్స్యదేశానికి. నెల్లూరి కవిత్వం చేపతోనే మొదలైందని నేను అంటే పండితులు ఒప్పుకోరు. మైపాడు గట్టు మీద ఎవరూ కాదనలేదు.

టీక: మొదటి పాదం

కొత్త నీరు. నిఘంటువు చూసి రాసే టీకాకారుడు ‘నూతన జలము’ అని రాసి చేతులు కడుక్కుంటాడు. నెల్లూరులో అది చాలదు. మిగతా తెలుగుదేశానికి కొత్త నీరు ఆషాఢ శ్రావణాల్లో వస్తే మాకు చిత్త, స్వాతి కార్తెల్లో వస్తుంది. నైరుతి ఋతుపవనం మా వైపు చుట్టపుచూపుగా వచ్చి నాలుగు చినుకులు రాల్చి పోతుంది. మా వాన ఈశాన్యానిది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తరచు వాయుగుండం వేషంలో వస్తుంది. కాబట్టి ప్రబంధాల్లోని ఋతువర్ణనల్ని మేము ఒక మెట్టు కిందికి జరుపుకుని చదువుకోవాలి. ఆ కవులు శరత్తని వెన్నెల ఆరబోసుకునే వేళకు మేము గొడుగులు వెతుక్కుంటూ ఉంటాం.

2021 నవంబరులో పెన్నకు వచ్చింది కూడా కొత్త నీరే. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కోసుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. అప్పుడు గట్టు మీద కూర్చోమని ఎవరూ పద్యం రాయలేదు. ఇక్కడ కొత్త నీరంటే, పొలాల్లోంచి తూముల గుండా కాలవలోకి దిగి, పాలు తక్కువైన టీ రంగుకు తిరిగిన నీరని గ్రహించాలి. ఆ నీటితోబాటు పురుగూ పుట్రా, వానపాములూ, కుళ్ళిన గడ్డీ కొట్టుకొస్తాయి. ఉప్పు విరుగుతుంది. వాసన తగిలిన మీసాల చేప ఊరుకోలేదు, ప్రవాహానికి ఎదురెక్కుతుంది. ఎండకు అడుగున బురదలో దిగులుగా పడున్నదల్లా పెళ్ళికి పిలుపొచ్చినట్టు బయల్దేరుతుంది. నిజంగా పెళ్ళే. వాలుగ, మార్పు, ఇంగిలాయి లాంటి మంచినీటి చేపలకు గుడ్లు పెట్టే కాలం వానకాలమే.

వచ్చెఁ గూర్చుండు. ‘వచ్చెన్’ ద్రుతాంతం. దాని మీద ‘కూర్చుండు’లోని పరుషం సరళమై గకారం వచ్చింది. బాలవ్యాకరణం చదివినవారికి ఇది తెలుసు, చదవనివారికి చేప పడటానికి ఇది అడ్డు కాదు. అసలు చర్చించవలసింది ఎలా కూర్చోవాలన్నది. బాసింపట్టు వేస్తే లేచే వేళకు కాళ్ళు తిమ్మిరెక్కి చేపకు బదులు మనం నీళ్ళలో పడతాం. గొంతుక్కూర్చుంటే అరగంటకు మించి నిలవలేం. కట్ట వాలుకు ఒక కాలు చాపి, ఒకటి ముడిచి, కర్రను మోకాటి కింద నొక్కిపెట్టడం సంప్రదాయం.

గట్టుపై. ఈ గట్టుకు కథ ఉంది. మద్రాసుకు ఉత్తరంగా ఈ కాలవ తవ్వకం 1806లో మొదలైంది. 1876-78 నాటి ధాతకరువులో కూలి కోసం వచ్చినవాళ్ళ చేత మరికొంత తవ్వించారు. 1878లో అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. కరువులో మట్టి మోసినవాళ్ళ పేర్లు ఏ గట్టు మీదా లేవు. ఒకప్పుడు బియ్యం, ఉప్పు, కట్టెలు నింపుకుని పడవలు ఈ దారినే మద్రాసు పోయేవి. ఇప్పుడు పడవలు పోయి, పూడిక పడి, గుర్రపుడెక్క మిగిలింది. దాని నీడన జెల్ల అనే మీసాల చేప మిగిలింది. జెల్ల కోసం మేం మిగిలాం.

టీక: రెండో పాదం

ఎర్ర నెరగ గుచ్చి. ఇక్కడే పాఠకులు తప్పటడుగు వేస్తారు. ఎర్ర అంటే వానపాము. వైద్యగ్రంథాల్లో భూనాగమని గౌరవంగా పిలిచేది దీన్నే. పట్నం నుంచి వచ్చిన మా బంధువొకాయన దీన్ని రంగు కింద అన్వయించుకుని, గాలానికి టమాటా ముక్క గుచ్చి మూడు గంటలు కూర్చున్నాడు. అన్వయక్లేశమంటే ఏమిటో నాకు ఆనాడే అర్థమైంది.

ఎర్రల్ని అరటిపాదు దగ్గర, అంట్లు కడిగిన నీళ్ళు పారే చోట తవ్వుకోవాలి. కొబ్బరి చిప్పలో కాస్త తడిమట్టి వేసి ఉంచాలి. గుచ్చడమూ ఒక విద్యే. తల వైపు నుంచి మొదలుపెట్టి మేజోడు తొడిగినట్టు గాలం కొక్కెం మీదికి ఎక్కించాలి. కొన మాత్రం బయట కొట్టుకులాడుతుండాలి. వేళ్ళకు బంకలా ఏదో అంటుతుంది, మట్టివాసన వస్తుంది. ఆ చేత్తోనే బీడీ ముట్టించేవాళ్ళున్నారు. నేను ప్రయత్నించాను గానీ రుచి కుదరలేదు.

ఎర్ర దొరక్కపోతే కోడిపేగులు, ఎండుచేప ముక్క, చిన్నచేప. వాలుగకైతే కప్పపిల్ల. ఈమధ్య కొందరు వనామీ రొయ్య గుచ్చుతున్నారు. చుట్టూ రొయ్యల గుంటలే కనుక దొరకడం తేలిక. కానీ కిలో జెల్ల కోసం అంతకంటే ఖరీదైన రొయ్యల్ని నీళ్ళలో వదలడం ఏ అర్థశాస్త్రమో నాకు తెలియదు. కౌటిల్యుడు చూస్తే జరిమానా వేసి ఉండేవాడు.

యెదురు చూడు. ఈ పద్యానికి ప్రాణం ఇక్కడుంది. మొదట పాఠాంతరం. గోడ మీద ఈ చోట బొగ్గు కొంచెం చెరిగి ఉండటం వల్ల ‘గుచ్చి వెదురు చూడు’ అని కొందరు చదువుతారు. వెదురు కర్ర కొన మీద చూపు నిలపమని వారి అర్థం. అర్థం బాగుంది. చేపలు కూడా పడతాయి. కానీ ఎకారానికి వెకారం యతి చెల్లదు. చేప కోసం యతి పోగొట్టుకోలేం గనక ఈ పాఠాన్ని త్రోసిపుచ్చాను.

మన గట్టు మీద ఒక పెద్దాయన ఉంటాడు. ఊరందరికీ మామే, నాకూ మామే. పద్యం చదివి వినిపిస్తే ఒక్క మాటే అడిగాడు.

“చూడు చూడు అంటావుండావే, ఆ నీళ్ళలో నీకు ఏం కనపడతాది అబ్బయా?”

“బెండు కనపడుతుంది గదా మామా.”

“బెండు చూస్తే బెండు పడద్ది. దారం యేలి మీద యేసుకో. కళ్ళు మూసుకో. అప్పుడు కనపడద్ది చూడు.”

ఆయన మాట పట్టుకుని వెతికితే తెలుగులో ‘చూచు’ అన్న క్రియ కంటికి ఎంత తక్కువగా పనిచేస్తున్నదో తెలిసింది. నాలుకతో రుచి చూస్తాం. వైద్యుడు వేళ్ళతో నాడి చూస్తాడు. ఎసరు మరిగిందో లేదో మూత మీద చెయ్యిపెట్టి చూస్తాం. తట్టి చూస్తాం, అడిగి చూస్తాం, ఓర్చి చూస్తాం. చెవీ చేతులూ నాలుకా అన్నీ ఈ ఒక్క మాటతోనే బతుకుతున్నాయి. మరి మీసాల చేప చూపు కూడా అలాంటిదే. దాని మీసాల నిండా రుచి తెలిసే మొగ్గలుంటాయి. మీసాలకే కాదు, ఒళ్ళంతా ఉంటాయి. పొలుసులు లేని ఒళ్ళు మొత్తం నాలుకైనట్టు ఊహించుకోండి. బురదనీటిలో, అమావాస్య రాత్రి, అది ఎర దాకా రుచి పట్టుకుని వస్తుంది. వచ్చి మీసంతో తాకి చూస్తుంది. ఆ తాకిడి దారం వెంట పైకొచ్చి మన చూపుడువేలి మీద రెండుసార్లు టక్ టక్‌మంటుంది, గోడ అవతల ఎవరో గోరుతో గీరినట్టు. ఆ తర్వాత ఏమీ ఉండదు. ఊపిరి బిగబట్టి పది లెక్కపెట్టేలోపల దారం పక్కకు, నిదానంగా, బరువుగా జరగడం మొదలవుతుంది. టక్‌మన్నప్పుడు లాగినవాడికి ఖాళీ కొక్కెం దక్కుతుంది. జరిగినప్పుడు లాగినవాడికి జెల్ల దక్కుతుంది. అందరూ చెప్పే మీసాల చేప వేట మెళకువలన్నీ ఈ రెండు క్షణాల మధ్య తేడాలోనే ఉన్నాయి. చూపుడువేలికి ఆ పేరు ఎందుకొచ్చిందో నాకు అప్పుడు తోచింది. భాషాశాస్త్రం ఒప్పుకోదులెండి.

ఎదురు అన్న మాటకూ రెండర్థాలు. ప్రవాహానికి ఎదురెక్కి వచ్చేదాన్ని చూడు అనీ, నిరీక్షించు అనీ. రెండో అర్థంలో పద్యం హేమంతంలోకి నడుస్తుంది. డిసెంబరు దాటి మంచు పడే వేళకు నీళ్ళు తేటబడి చేప మందగిస్తుంది. ఎదురు చూడటం తప్ప చేసేదేమీ ఉండదు. చూడటానికి మాత్రం కావలసినంత ఉంది. నేలపట్టులో కడపచెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టి ఉంటాయి. పులికాట్ నీళ్ళలో రాజహంసలు తలకిందులుగా మూతి పెట్టి వడకట్టుకుంటూ ఉంటాయి. ఆ పక్షుల పేర జనవరిలో సూళ్లూరుపేటలో పండుగ కూడా చేస్తారు. 2022 జిల్లాల విభజనలో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయింది. ఆ సంగతి కొంగలకు ఎవరూ చెప్పలేదు, అవి పాత లెక్కనే వస్తున్నాయి. గూడబాతు గొంతు సంచి తెరిచి ఒక్క ముంచు ముంచితే నా వారం రోజుల వేట అందులో ఉంటుంది. దాన్ని చూస్తూ ఈర్ష్య పడకుండా ఉండటం ఒక వ్రతం.

సముద్రపు జెల్ల విషయంలో ఎదురు చూపుకు మూడో అర్థమూ ఉంది, కవికి తెలిసి ఉండకపోవచ్చు. ఆడ జెల్ల గుడ్లు విడిచాక మగ జెల్ల వాటిని నోట్లోకి తీసుకుంటుంది. గోలీకాయలంత గుడ్లు. అవి పొదిగి, పిల్లలు కాస్త ఎదిగేదాకా వారాల తరబడి నోట్లోనే మోస్తుంది. అన్నాళ్ళూ మేత ముట్టదు. మన ఎర దాని ముక్కు ముందు ఊగుతున్నా నోరు తెరవదు. అలాంటి మగ చేపల్ని వలలు ఊడ్చేసిన చోట జెల్లలు తరిగిపోయాయి; పడమటి తీరంలో పెద్ద వలలు చేసిన పని అది. ఒకసారి కృష్ణపట్నం వైపు ఉప్పుటేటిలో విసురువల వేసిన కుర్రాడి బుట్టలో ఒక జెల్లను చూశాను. నోటి నుంచి పసుపుపచ్చ గుడ్లు ఒకటొకటే జారుతున్నాయి. వాడు వాటిని కాలితో నీళ్ళలోకి నెట్టి, చేపను బుట్టలో సర్దుకున్నాడు. వాణ్ణి ఏమనగలం? అది కూడా వాడి పిల్లల కోసమే.

టీక: మూడో పాదం

మీసమున్న దెల్ల మిత్రుండు గాడురా. ‘ఉన్నది’ నపుంసకం, ‘మిత్రుండు’ పుంలింగం. లింగవ్యత్యయ దోషమని ఆక్షేపిస్తారు. మీసమనేది ఉన్నాక చేపకైనా మగతనం ఆరోపించడం కవికి అలవాటని సమాధానం. ఆడ జెల్లకూ అవే మీసాలున్నాయన్న సంగతి ఇక్కడ లేవనెత్తకండి. అలంకారం అర్థాంతరన్యాసం: సామాన్యం చెప్పి, నాలుగో పాదంలోని విశేషాన్ని దాంతో సమర్థిస్తున్నాడు.

మీసాల లెక్క చూద్దాం. వాలుగకు రెండు జతలు. అందులో పైజత అల్లంత దూరం, ఒంటి వెంట వెనక్కి సాగుతుంది. సముద్రపు జెల్లకు సాధారణంగా మూడు జతలు. మార్పుకూ ఇంగిలాయికీ నాలుగేసి జతలు. మీసం ఎక్కువైనకొద్దీ పౌరుషం ఎక్కువనుకునేవాళ్ళకు ఇది మింగుడు పడదు. నాలుగు జతల ఇంగిలాయి జానెడుంటే, రెండు జతల వాలుగ మనిషి చేతికంటే పొడుగ్గా పెరుగుతుంది.

వాలుగ దగ్గర కాస్త ఆగాలి. తెలుగు కవులు ఆడవాళ్ళ కళ్ళను పొగడటానికి వాడిపారేసిన చేప ఇది. వాలుగంటి, వాలుగకంటి అని పిలవని నాయిక లేదు. ‘వాలు కన్నులు’ అని విడదీసి చేపను తప్పించే పండితులున్నారు, వారికి నా నమస్కారం. ఎందుకంటే చేపను ఒప్పుకుంటే పెద్ద చిక్కుంది. వాలుగ కన్ను చూసినవాడెవడూ ప్రియురాలితో ఆ మాట అనడు. అంత పెద్ద తలకు, చెవిదాకా చీలినంత నోటికి, బటాణీ గింజంత కన్ను, అదీ నోటి మూలకు దగ్గర్లో ఎవరో మరచిపోయి పెట్టినట్టు. పాత టీకాకారులు ‘మత్స్యమువంటి చంచలమైన కన్నులు గలది’ అని రాసి దాటేశారు. వాళ్ళు కవిని చదివారు, కవి నిఘంటువును చదివాడు. మధ్యలో ఎవరూ ఏట్లో చెయ్యి పెట్టలేదు.

చెయ్యి పెట్టినవాడు ఒకడున్నాడు, తెలుగువాడు కాదు. పాట్రిక్ రస్సెల్ అనే కుంపిణీ ప్రకృతిశాస్త్రవేత్త విశాఖపట్నంలో కూర్చుని 200 చేపల బొమ్మలు వేయించాడు. 1803లో లండన్‌లో ఆ పుస్తకం అచ్చయింది. చేపల పేర్లను బెస్తవాళ్ళు పలికినట్టే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. అందులో మన వాలుగ ఉంది. తర్వాతి శాస్త్రవేత్తలు ఆ మాటనే లాటిన్ పేరుగా దిద్దుకున్నారు: వల్లాగో అట్టు. అందులోని అట్టు మన పెనం మీది అట్టు కాదు. రక్తపింజరకు ఇంగ్లీషులో ఉన్న పేరు కూడా ఈ రస్సెల్‌దే. అలా ప్రబంధాల్లో కన్నుగా మిగిలిన వాలుగ శాస్త్రంలో చేపగా బతికింది. ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా ముప్పున్న జీవుల పట్టికలోనూ ఎక్కింది. మామ చిన్నప్పుడు కాలవలో దొరికిన వాలుగను భుజాన వేసుకుంటే తోక మోకాటికి తగిలేదంటాడు. నేను పట్టిన పెద్ద వాలుగ తోక నా మోచేతికి తగిలింది.

ఇక శ్లేష. ఇంగ్లీషులో ఈ మీసాల చేప వేట పేరుతోనే ఇంకో విద్య ఉంది, క్యాట్‌ఫిషింగ్: పరాయి ఫోటో పెట్టుకుని ఇంటర్‌నెట్‌లో ప్రేమ నటించి బురిడీ కొట్టించడం. 2010లో అదే పేరుతో వచ్చిన ఒక డాక్యుమెంటరీ నుంచి ఆ వాడుక ఊరందుకుంది. ఆ అర్థంలో మూడో పాదాన్ని ఇంకోసారి చదవండి. ఫేస్‌బుక్‌లో మెలితిరిగిన మీసం ఫోటో, ‘ఉభయకుశలోపరి’ అని సందేశం. ఇక్కడ ఎర వాడిది, నోరు మనది. ఈ రెండో అర్థం కవి ఉద్దేశించాడో లేదో చెప్పలేను గానీ, రెండింటిలోనూ టక్‌మన్నప్పుడే ఎగిరి గంతేసేవాడిదే నష్టం.

చివరిగా ఒక ప్రక్షిప్తం. చెరువు అనే గ్రంథంలో మూలకర్త రాయని చేప ఒకటి ఈమధ్య కనపడుతోంది. మీసాలు నాలుగు జతలు, చూడటానికి మన మార్పులాగే ఉంటుంది, తిండికి మాత్రం హద్దు లేదు. ఆఫ్రికా నుంచి దిగిన క్యాట్‌ఫిష్. కుళ్ళినదీ, బతికినదీ, సొంత పిల్లల్నీ తింటుంది. మన దేశంలో దీని పెంపకాన్ని 2000లోనే నిషేధించారు. అయినా దొంగగుంటల్లో పెంచుతారు, వరదకు గుంట తెగితే కాలవలో కలుస్తుంది. ఎవరో చేర్చిన పద్యాలు భారతంలో కలిసిపోతే ఏరేయడానికి పండితులున్నారు. కాలవలో కలిసిన దీన్ని ఏరడానికి ఎవరున్నారు? మన మార్పు ఉండాల్సిన చోట్లలో ఇది తిష్ఠ వేసింది.

టీక: నాలుగో పాదం

ముల్లు చూచి పట్టు. ఇది వాలుగకు వర్తించదు. వాలుగకు వీపున ముల్లు లేదు, పళ్ళున్నాయి. తార్కికులు దీన్ని అవ్యాప్తి దోషమంటారు. వాలుగ నోట్లో వేలు పెట్టినవాడు ఇంకేదో అంటాడు. జెల్లకూ ఇంగిలాయికీ మాత్రం అక్షరాలా వర్తిస్తుంది. ఇంగిలాయికి రెక్కల దగ్గర చెరొకటే. జెల్లకైతే వీపు మీద ఒకటి, రెక్కల దగ్గర చెరొకటి, మొత్తం మూడు ముళ్ళు. గాలం నోట్లో పడిన మరుక్షణం మూడింటినీ నిటారుగా విప్పి, గొళ్ళెం వేసినట్టు బిగించేస్తుంది. ముల్లు అంచుకు రంపపు పళ్ళుంటాయి, తొక్కలో విషం ఉంటుంది. బుట్టలో పడ్డాక కూడా ముల్లును కీలులో తిప్పుతూ క్రో క్రోమని గొణుగుతుంది. బతికున్నవాటిలో గొణుగుతూ కూడా భయపెట్టగలిగేది ఇదొక్కటే.

ఒక సంవత్సరం స్వాతి కార్తెలో నేను ముల్లు చూడలేదు. బాగా పొద్దుపోయింది. టార్చి బ్యాటరీలు అయిపోయాయి. పడిన జెల్ల చిన్నదేనన్న ధైర్యంతో దాని నడుం పట్టుకున్నాను. బొటనవేలికీ అరచేతికీ మధ్య మెత్తటి చోట ఏదో చల్లగా దిగింది. నొప్పి ఒక క్షణం ఆలస్యంగా, ఆ తర్వాత మోచేతి దాకా ఎక్కుతూ వచ్చింది. నేను అరిచింది విని గట్టు అవతల కుక్క మొరిగింది. మామ వచ్చి, ఏ ఉపోద్ఘాతం లేకుండా, టీకొట్టు నుంచి వేడినీళ్ళ చెంబు తెప్పించి, ఓర్చుకోగలిగినంత వేడిలో నా చెయ్యి ముంచాడు. ఆ విషం వేడికి విరిగిపోయే రకం. పెద్ద వైద్యులూ అదే చేయిస్తారు. గంటకు నొప్పి దిగింది. మామ అప్పుడు నోరు విప్పాడు.

“తల పైనించి రెండేళ్ళ సందున ముల్లుని పోనిచ్చి పట్టాల. యేలితో చూసి పట్టాల. నువ్వేమో పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటివి.”

మురిపె మేల అన్నదానికి ఇంతకంటే మంచి వ్యాఖ్య ఏ అచ్చుప్రతిలోనూ లేదు.

ఈ పాదానికి గ్రీష్మపరంగా ఇంకో అన్వయం ఉంది. ఎండాకాలం చెరువులు అడుగంటాక గాలంతో పనిలేదు. మార్పు, ఇంగిలాయి గాలి పీల్చుకోగలవు, అరవై పాళ్ళు బురదా నలభై పాళ్ళు ఆశా ఉన్న గుంటలో కూడా బతికే ఉంటాయి. అప్పుడు చేతులే వల. ఈ విద్యకు అసలైన భాష్యకారులు యానాదులు. బురదపైన నీటిబుడగ లేచిన తీరు చూసి కింద ఉన్నది పామో ఇంగిలాయో చెప్పేవాళ్ళను నేనెరుగుదును. వాళ్ళ చెయ్యి బురదలోకి దిగేటప్పుడు తొందర ఉండదు. ముళ్ళు ఏ వైపున్నాయో వేళ్ళు ముందు చదువుకుంటాయి, తర్వాతే పిడికిలి బిగుస్తుంది. సముద్రం మీద ఆ వేళ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట బందు. కట్టేసిన పడవల నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. నెల్లూరి ఎండ గురించి టీక అనవసరం, మూలమే మాడిపోతుంది.

తాత్పర్యం

ఓయీ, వానలు పడి కాలవకు కొత్త నీరు వచ్చింది. గట్టు మీద కూర్చో. వానపామును ఎరగా గుచ్చి ఓపికపట్టు. మీసాలున్న ప్రతివాడూ నీవాడు కాడు. ముల్లును వేలితో చూసి పట్టుకో. వయ్యారాలు వద్దు.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్య చదివినవారికి చేపల పులుసు దొరుకుతుందని చెప్పాలి గానీ, నెల్లూరి పులుసులో ఒక ఋతువైరం ఉంది. పులుసులో మామిడికాయ పడాలి. జెల్ల కార్తీకంలో వస్తే, మామిడికాయ ఉగాది ముందు వస్తుంది. ఈ రెండూ ఒక కుండలో కలవాలంటే ఇంట్లో ముందుచూపున్న మనిషి ఉండాలి. మా ఇంటావిడ వేసవిలోనే పుల్లమామిడి ముక్కలు ఎండబెట్టి ఒరుగులు చేసి జాడీలో దాస్తుంది. జెల్లకు జిగురు పోయేదాకా బూడిదతో తోమి, ఉప్పూ పసుపూ పట్టించి, చింతపండు పులుసులో ఒరుగులతో కలిపి మట్టికుండలో దించింది. ఆమె ఆజ్ఞ ఒకటే: తెల్లారేదాకా ఎవరూ ముట్టకూడదు, ఊరాలి.

ఎదురు చూడు అని రాసినవాడికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పన్నెండు దాటాక చీకట్లోనే వంటింట్లోకి పోయి మూత తీశాను. గరిటెతో కొంచెం రుచి చూద్దామని. అలికిడికి మా ఆవిడ లైటు వేసింది. నా మూతి వంక ఓసారి, కుండ వంక ఓసారి చూసి, మీసానికి పులుసంటిందని చెప్పి, గోడ మీది మూడో పాదం అక్షరం పొల్లుపోకుండా చదివి, వెళ్ళి పడుకుంది.